నలభై ఒక్క నిమిషాలు

ఇన్‌స్పెక్టర్ నాకు సాయంత్రం అయిదింటిదాకా గడువిచ్చాడు. అయిదు దాటితే, చనిపోయినవాడు తనంతట తానే నాలుగో అంతస్తు బాల్కనీ నుంచి దూకాడని రాసి ఫైలు మూసేస్తానన్నాడు. ఒకప్పుడు వేలిముద్రల విభాగంలో నా బల్ల ముందు నిలబడి సందేహాలు అడిగిన మనిషే. ఇప్పుడు నన్ను మేడం అంటూనే గడియారం చూస్తాడు. నేను రిటైరై ప్రైవేటుగా కేసులు పట్టుకోవడం మొదలుపెట్టాక అతనికి నా మీద గౌరవం సగం పోయింది. మిగతా సగం ఈ కేసుతో పోయేలా ఉంది.

నన్ను పెట్టుకున్నది పోస్టుమాన్, అంటే చనిపోయినవాడి బావ. పదకొండేళ్ల కిందట ఆయన్ని లారీ గుద్దింది. మెడ కింద ఏదీ కదలదు. రోజుకి పద్నాలుగు కిలోమీటర్లు నడిచి ఉత్తరాలు పంచిన మనిషి మంచానికి అతుక్కుపోయాడు. బావమరిదిని అందరూ మేస్త్రీ అనేవాళ్లు. అతను బావ కోసం ఒక పాత కంప్యూటర్ ఆటని పట్టుకున్నాడు. సముద్రపు ఒడ్డున చిన్న ఊరు, ఆ ఊరి వీధుల్లో నడవడమే ఆట. దాన్ని తయారుచేసిన కంపెనీ ఎప్పుడో మూతపడింది. ఆట మీద ప్రేమ చావని కొంతమంది కలిసి, జీతం బత్తెం లేకుండా, కొత్త కంప్యూటర్లలో నడిచేలా తిరగరాసుకున్నారు. దాన్ని మోడ్ అంటారట. రాసిందంతా బయటే ఉంటుంది, ఎవరైనా చూడొచ్చు, ఎవరైనా దిద్దొచ్చు. ఆ రాతనంతా కలిపి, ఆడుకోవడానికి పనికొచ్చే ఒక్క ఫైలుగా తయారుచేసి విడుదల చెయ్యడం మేస్త్రీ పని. తెర మీద బొమ్మ గీసే భాగానికి కాపలా కూడా అతనే.

పోస్టుమాన్ గడ్డంతో కదిపే చిన్న కర్ర ఒక పాత కంప్యూటర్‌కే తగులుతుంది. ఆ కంప్యూటర్‌కి కొత్త పద్ధతిలో బొమ్మలు గీయడం రాదు. అందుకని మేస్త్రీ పాత పద్ధతిని కూడా ఏళ్ల తరబడి బతికించుకుంటూ వచ్చాడు. దాన్ని వాడే మనిషి ఒకే ఒక్కడు. రెండు నెలలుగా ఆ పాత పద్ధతిలో సముద్రం నల్లగా కనిపిస్తోంది. చనిపోవడానికి రెండు రోజుల ముందు పోస్టుమాన్ విసిగిపోయి, "నీ దయ మీద నడిచింది చాలు. చేతకాకపోతే వదిలేయ్, నీ బతుకు నువ్వు బతుకు" అనేశాడు. మేస్త్రీ లేచి వెళ్లిపోయాడు.

గురువారం మధ్యాహ్నం 4.12కి అరవై నాలుగో విడుదల బయటికొచ్చింది. అందులో పాత పద్ధతి లేదు. దాని కింద మేస్త్రీ పేరు మీద మూడు ముక్కలు ఉన్నాయి: 'ఇక నావల్ల కాదు. పాత మెషీన్లకి సెలవు. క్షమించండి.' 4.20కి వాచ్‌మన్ నీళ్ల మోటార్ వేస్తుండగా వెనక ఏదో పడ్డ చప్పుడు వినపడింది.

"నా మాటకి చచ్చాడా, కాదా? ఏదైనా సరే నిజం చెప్పండి. మా ఆవిడకి ఇంకా చెప్పలేదు, ఆ మాట అన్నానని" అన్నాడు పోస్టుమాన్ నాతో. నేను ఒప్పుకున్న కేసు ఇంతే. దోషిని పట్టుకోమని కూడా ఆయన అడగలేదు.

పొద్దున పదింటికి మేస్త్రీ గదికి వెళ్లాను. ఒక మంచం, ఒక బల్ల, బల్ల కింద పెద్ద కంప్యూటర్, పక్కన బాల్కనీ. ఇన్‌స్పెక్టర్ గుమ్మానికి ఆనుకుని నిలబడ్డాడు, నేను ఏదన్నా ముట్టుకుంటే చాలు అరవడానికి సిద్ధంగా.

నా చేతిలో ఒక గీతల నోటుపుస్తకం ఉంది. బావ మంచం పక్కన కూర్చుని మేస్త్రీ రాసుకున్నది. మేస్త్రీ అక్క, అంటే పోస్టుమాన్ భార్య, దాన్ని దాచి నాకిచ్చింది. తనకేమన్నా అయితే ఇంకెవరైనా పని అందుకోవాలని, విడుదలకి ముందు చెయ్యాల్సినవన్నీ తొమ్మిది మెట్లుగా రాసిపెట్టాడు. పేరు మేస్త్రీ అయినా పుస్తకం నిండా వంట మాటలే. పాత పని తాలూకు ముక్కలు ఫోల్డర్లో మిగిలితే కొత్త ఫైల్లో కలిసిపోతాయి కాబట్టి మొదటి మెట్టు 'గిన్నె కడుగు'. నాలుగోది 'పొయ్యి మీద పెట్టు. నలభై ఒక్క నిమిషాలు. గది వేడెక్కుతుంది, బాల్కనీలో నిలబడు'. ఏడోది 'వచ్చిన బొమ్మని కళ్లతో చూడు, మెషీన్ మాట నమ్మకు'. ఎనిమిదోది నేను మళ్లీ మళ్లీ చదివాను: 'బావ నడవాలి. నడిచాను అనాలి. అనకపోతే ఆగు.' తొమ్మిదోది తాళంచెవి. గోరంత ఇనప ముక్క. కంప్యూటర్‌కి తగిలించి వేలితో తాకాలి, ఎవరి వేలైనా సరే. అది లేకపోతే మేస్త్రీ పేరు మీద విడుదల కాదు సరికదా, ఒక్క మాట కూడా బయటికి పోదు.

అరవై మూడు విడుదలల్లో ఒక్కసారి కూడా ఎనిమిదో మెట్టు దాటెయ్యలేదని, మోడ్ పేజీలో పోస్టుమాన్ వాడే 'పాత మెషీన్' అన్న పేరుతో అరవై మూడు సార్లు 'నడిచాను' అన్న మాట ఉందని, ఈసారి లేదని ఇన్‌స్పెక్టర్‌కి చూపించాను.

"చావబోయేవాడు ఎవర్ని అడుగుతాడు మేడం?" అన్నాడు.

మాట పదునైనదే. నేను కంప్యూటర్ తనంతట తాను రాసుకునే చిట్టా తెరిపించాను. గురువారం 3.40కి గిన్నె కడిగారు, వంట మొదలైంది. 4.21కి పూర్తయింది. అంతకుముందు వంట మూడు రోజుల కిందటిది, అందులో పాత పద్ధతి ఉంది. అంటే 4.12కి విడుదలైన ఫైలు ఈ కంప్యూటర్లో తయారుకాలేదు. అప్పటికి ఇది పొయ్యి మీద ఇంకోటి పెట్టుకుని ఉంది.

ఇంకెక్కడో ముందే చేసి తెచ్చుకుని ఉంటాడన్నాడు ఇన్‌స్పెక్టర్. మేస్త్రీకి ఇంకో కంప్యూటర్ లేదన్నాను. స్నేహితుడిది వాడి ఉంటాడన్నాడు. ఆ స్నేహితుడెవరో కనుక్కున్నావా అన్నాను. అతను గడియారం చూసుకున్నాడు.

అప్పుడు శవం మీద దొరికిన వస్తువుల జాబితా అడిగాను. చొక్కా, ప్యాంటు, కళ్లజోడు, రుమాలు. అయిదోది 'వంటింటి టైమర్ ఒకటి, పగిలినది'. తెప్పించమంటే విసుక్కుంటూనే తెప్పించాడు. చేత్తో తిప్పి పెట్టే గుండ్రటి టైమర్. అద్దం పగిలి, ముల్లు ఒకటి అంకె దగ్గర ఇరుక్కుపోయింది.

"3.40కి నలభై ఒకటి పెట్టుకున్నాడు. 4.20కి ఒకటి మిగిలింది" అన్నాను.

"కిందపడితే ముల్లు ఎటైనా తిరుగుతుంది. మీరు ముల్లు చూసి కథ అల్లుతున్నారు."

"ముల్లు సంగతి వదిలెయ్. దూకాలనుకున్నవాడు టైమర్ తిప్పి జేబులో ఎందుకు వేసుకుంటాడు? ఏం మర్చిపోతానని?"

అతను ఈసారి గడియారం చూడలేదు. ఆ అదును చూసి, జాబితాలో తాళంచెవి లేదని కూడా చెప్పాను. ఇద్దరు కానిస్టేబుళ్లు గదంతా, కింద పడిన చోటంతా అరగంట వెతికారు. దొరకలేదు. అంత చిన్నది ఏ మట్టిలోనో కూరుకుపోయి ఉంటుందన్నాడు ఇన్‌స్పెక్టర్, కానీ గొంతులో మునుపటి బింకం లేదు. 4.21కి పూర్తయిన ఫైలు నాకు కాపీ కావాలంటే, "తీసుకెళ్లండి, కూర్చుని ఆడుకోండి. అయిదు మాత్రం అయిదే" అన్నాడు.

వెళ్లేముందు బాల్కనీలోకి వెళ్లాను. కమ్మీ మీద ఒకచోట రంగు పోయి నున్నగా ఉంది. ప్రతి విడుదలకీ అక్కడే మోచేతులు ఆనించి నిలబడేవాడన్నమాట, బావ వీధులు పొయ్యి మీద ఉడుకుతుంటే. నేనూ అక్కడే మోచేతులు ఆనించాను. ఏడుపొచ్చింది. ఈ వృత్తిలో ఉన్నవాళ్లకి రాకూడదంటారు. నాకు వస్తుంది, దానికి నేనెవరికీ సంజాయిషీ ఇచ్చుకోను.

పన్నెండున్నరకి లాంతరు దగ్గరికి వెళ్లాను. మోడ్‌లో దీపాలు, వెలుతురు, నీడలు అతని పని కాబట్టి అక్కడ అతన్ని అలా పిలుస్తారు. ఈ ఊళ్లోనే ఉన్న ఇంకో మోడ్ మనిషి అతనొక్కడే. బతుకుతెరువుకి ఒక ఫర్నిచర్ కంపెనీలో లేని సోఫాలకి ఉన్నట్టుగా ఫొటోలు తయారుచేస్తాడు. కిటికీలు మూసిన చీకటి గదిలో ఒక్కడే కూర్చుని ఉన్నాడు. ముప్పై అయిదేళ్లుంటాయి. నిద్రలేని కళ్లు.

గురువారం రెండింటికి లోపలికొచ్చి ఆరింటికి బయటికెళ్లానని, గేటు దగ్గర కార్డు గీశానని, చూసుకోమని నేనడక్కముందే చెప్పాడు. మోడ్ పని ముట్టుకుని నెల దాటిందన్నాడు. ఎందుకని అడిగితే గొడవ సంగతి తనే ఎత్తాడు. పాత పద్ధతిని మోసుకుంటూ ఉన్నందువల్ల కొత్తది ఒక్కటీ పెట్టడానికి వీల్లేకుండా పోయిందట. మూడేళ్లుగా తను గీసిన వెలుతురంతా అలా మూలపడి ఉందట.

"నాకు వాడంటే కోపం లేదు మేడం. వాడి దగ్గరే నేర్చుకున్నాను. కానీ ఒక్కడి కోసం వేలమంది ఆగాలా? అదీ ఎవడో, ఉన్నాడో లేడో తెలియని పాత మెషీన్ కోసం."

అతను చెప్పిన దాంట్లో న్యాయం లేకపోలేదు. కానీ ఆ 'ఎవడో' అన్న మాట నాకు తగలరాని చోట తగిలింది. మంచం మీద కదలని ఆ మనిషి, గడ్డం కింద కర్ర కళ్లముందు మెదిలాయి.

"ఎవడో కాదు. మేస్త్రీ బావ. ఈ ఊళ్లోనే పదకొండేళ్లుగా మంచం మీదున్నాడు. ఆయన కాళ్లు ఆ ఆటలోనే ఉన్నాయి" అన్నాను.

లాంతరు మెల్లిగా, "బావా? నాకెప్పుడూ చెప్పలేదే" అన్నాడు. కళ్లు తుడుచుకున్నాడు. ఆ కన్నీళ్లు దొంగవని నేను ఇప్పటికీ అనను.

వెళ్తూ వెళ్తూ దీపాల పని ఎంతవరకు వచ్చిందని అడిగాను. సగంలో ఆగిందని, వీధి దీపాలన్నీ ఒక్కొక్కటే కొత్త చోట వేలాడదీస్తున్నానని, అదంతా తన లాప్‌టాప్‌లోనే ఉందని, సగం పని ఎవరికీ పంపే అలవాటు తనకి లేదని చెప్పాడు. అందులో మాత్రం అతని గొంతు గర్వంగానే పలికింది.

గేటు దగ్గర కార్డు లెక్క అతను చెప్పినట్టే ఉంది. అయితే సోఫాలు లారీకెక్కించే వెనక తలుపు మధ్యాహ్నమంతా బార్లా తెరిచే ఉంటుంది, అక్కడ కార్డు గీసే యంత్రం లేదు. అక్కణ్ణుంచి ఆటోలో మేస్త్రీ గదికి వెళ్లి చూశాను. పదమూడు నిమిషాలు పట్టింది.

నాలుగింటికి పోస్టుమాన్ ఇల్లు చేరాను. ఆయన భార్య పని నుంచి ఆరింటికి గానీ రాదు. ఆయన లేచి తలుపు తియ్యలేడు కాబట్టి పగలంతా గడియ వెయ్యరు, దగ్గరగా మూసి వెళ్తారు, పక్కింటావిడ మధ్యలో వచ్చి నీళ్లు పట్టి పోతుంది. మంచానికి అడ్డంగా పెట్టిన పలక మీద పాత కంప్యూటర్, ఆయన గడ్డం కింద కర్ర. విడుదలైన ప్రతి ఫైలుతోపాటు అందులోంచి తీసిన ఒక వీధి బొమ్మ కూడా పేజీలో పడుతుంది. 4.12 నాటి బొమ్మని నా ఫోన్లో ఆయన కళ్లముందు పెట్టాను. ఏమన్నా తేడా ఉందేమో చూడమన్నాను.

ఆయన పట్టుమని పది సెకన్లు కూడా చూడలేదు. "దర్జీ కొట్టు ముందు దీపం నీడ మెట్ల మీద పడింది. అది గోడ మీద పడాలి. పదకొండేళ్లుగా గోడ మీదే పడుతోంది" అన్నాడు. ఉత్తరాలు పంచే రోజుల్లో ఇంటి నంబర్లు చూసేవాణ్ణి కాదు, నీడలూ గుమ్మాలూ చూసి గుర్తుపట్టేవాణ్ణి అని కూడా అన్నాడు.

నేను పుస్తకంలో మొదటి మెట్టు మళ్లీ చదివాను. గిన్నె కడుగు. ఆ దీపాన్ని కొత్త చోట పెట్టిన పని అందరికీ కనిపించే రాతలో ఎక్కడా లేదు. అది ఒక్కడి లాప్‌టాప్‌లో, సగంలో ఉంది. ఆ లాప్‌టాప్‌లో ఎవరో తొందరలో గిన్నె కడక్కుండా వండారు. వండినదాన్ని పట్టుకుని మేస్త్రీ గదికి వచ్చారు. మేస్త్రీ బాల్కనీలో ఉన్నాడు, జేబులో టైమర్ తిరుగుతోంది, తాళంచెవి బల్ల మీదుంది. 4.12కి ఆ ఫైలు విడుదలైంది, దాంతోపాటు మేస్త్రీ పేరు మీద ఆ మూడు ముక్కలూ బయటికి వెళ్లాయి. ఆ తర్వాతి ఎనిమిది నిమిషాల్లో ఆ బాల్కనీలో ఏం జరిగిందో నేను కళ్లతో చూడలేదు. ఇది లాంతరు దాకా తీసుకెళ్తుంది గానీ, కోర్టులో ఒక్క నీడని పట్టుకుని నిలబడలేం.

ఇన్‌స్పెక్టర్‌కి ఫోన్ చేసి ఇదంతా చెప్పాను. నీడ మీద కేసు కట్టమంటారా అని నవ్వాడు. తాళంచెవి చూపించండి, అప్పుడు మాట్లాడదాం అని పెట్టేశాడు. నాలుగున్నర దాటింది.

ఇక పోస్టుమాన్‌కి నేను తెచ్చిన ఇంకో ఫైలు సంగతి చెప్పాలి. 3.40కి మేస్త్రీ పొయ్యి మీద పెట్టింది ఏమిటో ఆయనకి తెలియదు. చెప్పకుండానే పాత కంప్యూటర్లో వేసి ఆట తెరిచాను. ఆయన గడ్డం కదిపాడు. దర్జీ కొట్టు దాటాడు, నీడ గోడ మీదే ఉంది. బావి దాటాడు. వీధి చివర మలుపు దగ్గర ఆగిపోయాడు. రెండు నెలలుగా ఆయన ఆ మలుపు తిరగడం మానేశాడట.

"తిరగండి" అన్నాను.

తిరిగాడు. సముద్రం నీలంగా ఉంది. అలలు వచ్చి ఒడ్డుని తాకి వెనక్కి పోతున్నాయి. ఆ పాత డొక్కు కంప్యూటర్ అంత నీలాన్ని ఎలా గీసిందో నాకు తెలియదు. మేస్త్రీకి తెలుసు.

ఆయన అడిగాడు. "వాడు చూశాడా దీన్ని?"

అబద్ధం చెప్పొచ్చు. కానీ నిజమే చెప్పమని పెట్టుకున్నాడు నన్ను. "లేదండి. ఒక్క నిమిషం తక్కువైంది" అన్నాను. "మీ మాటకి చావలేదు. మీ మాట విని, రెండు రోజులు కూర్చుని ఇది చేశాడు. ఇది ఉడకగానే మీకు చూపించాలనే టైమర్ పెట్టుకున్నాడు."

ఆయన ఏడ్చాడు. చెయ్యెత్తి కళ్లు తుడుచుకోలేని మనిషి ఏడుపు చూడ్డం చాలా కష్టం. నా కొంగుతో తుడిచాను. తుడిచిన కొద్దీ వస్తూనే ఉన్నాయి. ఆ మాట అన్న రోజు నుంచి ఒక్క ముద్దా సహించలేదని, వాడి అక్క ముఖం చూడలేకపోతున్నానని, ఏవేవో చెప్పుకుంటూ పోయాడు. నేను వింటూ కూర్చున్నాను. కేసు నాకు సంబంధించినంతవరకు అక్కడితో తీరిపోయిందనుకున్నాను.

మంచినీళ్లు తేవడానికి వంటింట్లోకి వెళ్లొచ్చేసరికి ఆయన మోడ్ పేజీ తెరిచి ఉంచాడు. గడ్డంతో ఒక్కో అక్షరం ఏరుకుని, అరవై నాలుగోసారి, 'నడిచాను' అని పంపేశాడు.

"వాడికి చెప్పాలి కదా మేడం. ఎనిమిదో మెట్టు" అన్నాడు.

గ్లాసు నా చేతిలోనే ఉండిపోయింది. పాత పద్ధతి తీసేసిన విడుదలలో పాత మెషీన్ ఎలా నడిచింది? ఆ పేజీని కాచుకుని కూర్చున్నవాడెవడికైనా మరుక్షణంలో అర్థమవుతుంది, మేస్త్రీ చివరి ఫైలు ఒకటుందని, అది ఈయన దగ్గరుందని. వెనక్కి తీసెయ్యండి అనబోయాను. అప్పటికే కింద బదులు పడింది. మేస్త్రీ పేరు మీద పడింది.

'ఎక్కడిదాకా నడిచావు, బావా?'

పోస్టుమాన్ ముఖం ఒక్క క్షణం వెలిగింది. అంత సంతోషం ఆ ముఖంలో నేనెప్పుడూ చూడలేదు. ఇక ముందు చూస్తానని అనుకోను. మరుక్షణం ఆయన కళ్లు నా వైపు తిరిగాయి, నా ముఖం చూశాయి.

"వాడు కాదు కదా" అన్నాడు.

"కాదండి."

తాళంచెవి మట్టిలో కూరుకుపోలేదు. ఎవరి వేలి కిందో ఉంది. పాత మెషీన్ వెనక ఉన్నది మేస్త్రీ బావ అని పోలీసులకీ ఇంట్లోవాళ్లకీ కాక ఈ భూమ్మీద ఇంకొక్కడికే తెలుసు. పన్నెండున్నరకి, చీకటి గదిలో, కోపం ఆపుకోలేక నోరు జారి నేనే చెప్పాను. ఈ ఊళ్లోనే ఉన్నాడని చెప్పాను, మంచం మీదున్నాడనీ చెప్పాను. ఇరవై ఏళ్ల ఉద్యోగంలో నేను చేసిన తప్పులన్నీ కలిపినా దీనికి సరితూగవు.

ఇన్‌స్పెక్టర్‌కి ఫోన్ కలిపాను. 4.56 అయింది. ఈసారి అతను నవ్వలేదు. ఆ బదులుని తన ఫోన్లో తనే చూసుకున్నాడు, తాళంచెవి లేనిదే మేస్త్రీ పేరు మీద ఒక్క మాట కూడా పోదని పొద్దున నేను చెప్పింది గుర్తుచేసుకున్నాడు కాబోలు, "ఫైలు మూయను, బయల్దేరుతున్నాను, తలుపేసుకోండి" అని పెట్టేశాడు. స్టేషన్ నుంచి ఇక్కడికి పాతిక నిమిషాలు. ఫర్నిచర్ కంపెనీ నుంచి ఎంతసేపో నేను లెక్కవేసుకోలేదు.

తలుపు వైపు నడిచాను. వెనక కర్ర టకటకలాడుతోంది. తిరిగి చూస్తే పోస్టుమాన్ ఒక్కో అక్షరం ఏరుకుని బదులు రాస్తున్నాడు: 'సముద్రం దాకా. నువ్వూ రా.' కిందనే ఇంటి నంబరు, వీధి పేరు. ఆపేలోపే అది కూడా వెళ్లిపోయింది.

"ఏం చేశారండీ" అన్నాను.

"నన్ను బావా అన్నాడు. ఆ పిలుపు మా మేస్త్రీ ఒక్కడిదే" అన్నాడాయన, తెర మీంచి చూపు తిప్పకుండా. "గడియ వెయ్యకండి మేడం. వాణ్ణి రానివ్వండి."